ఆకార్బోస్ కన్నా మెరుగు అని రాసే ముందు: ఆల్ఫా గ్లూకోసిడేజ్ ప్రాజెక్టు చేసే పద్ధతి

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టుకి మన కాలేజీల్లో చాలామంది ఎంచుకునే ఎంజైమ్ ఆల్ఫా గ్లూకోసిడేజ్, అంటే చిన్న చక్కెర గొలుసుల్ని గ్లూకోజ్‌గా విరిచేది. ఎందుకో అర్థం చేసుకోవచ్చు. ఎంజైమ్ పొడి సులువుగా దొరుకుతుంది, పసుపు రంగు వచ్చిందో లేదో కళ్లతోనే తెలిసిపోతుంది, పైగా షుగర్ జబ్బు లేని ఇల్లంటూ లేదు కాబట్టి వైవాలో "దీనివల్ల ఉపయోగమేంటి" అని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. రిపోర్టు చివర మాత్రం తరచుగా ఒకటే వాక్యం కనిపిస్తుంది: మా కాంపౌండ్ ఈ ఎంజైమ్‌ని ఆపడంలో ఆకార్బోస్ అనే షుగర్ మందు కన్నా ఇన్ని రెట్లు శక్తివంతమైనది. ఆ పోలిక చాలాసార్లు నిలబడదు. ఎందుకు నిలబడదో, నిలబడేలా పని ఎలా చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీలో కొన్నేళ్లు అస్సే (ఎంజైమ్ పని ఎంత జరుగుతోందో కొలిచే పరీక్ష) బల్ల దగ్గరే పనిచేశాను. ఇప్పుడు గుంటూరులో పీజీ పిల్లలతో ప్రాజెక్టులు చేయిస్తున్నాను. కంపెనీలో నేర్చుకున్న ముఖ్యమైన విషయం ఒకటుంది. ఎంజైమ్‌ని ఆపే పదార్థం దొరకడం కష్టం కాదు. అది యాక్టివ్ సైట్‌లో, అంటే ఎంజైమ్‌లో అసలు పని జరిగే చోట, కూర్చుని ఆపుతోందా, లేక వేరే దారిలో మనల్ని మోసం చేస్తోందా అని తేల్చడమే కష్టం. అందుకే ప్రాజెక్టుకి ఉన్న టైమ్‌లో సింథసిస్‌కి సగం కన్నా ఎక్కువ ఇవ్వొద్దని మా పిల్లలకి ముందే చెబుతాను.

ముందు ఎంజైమ్‌ని చూడండి

ఫ్లాస్క్ పట్టుకునే ముందు ఒక రోజు కంప్యూటర్ దగ్గర కూర్చోండి. ప్రోటీన్ నిర్మాణాలు దాచే ప్రోటీన్ డేటా బ్యాంక్ వెబ్‌సైట్‌లో 2క్యూఎమ్‌జే అనే కోడ్ కొడితే మనిషి చిన్నపేగులో ఉండే మాల్టేజ్ గ్లూకోఅమైలేజ్ ఎంజైమ్‌లో మొదటి సగం వస్తుంది, అదీ ఆకార్బోస్‌ని పట్టుకుని ఉన్న స్థితిలో. పైమాల్, కైమెరా లాంటి అణువుల బొమ్మలు చూపే సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, తెరిచి రిబ్బన్ బొమ్మ చూసి మూసేయకండి. ఆకార్బోస్ చుట్టూ 4 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఉన్న ఎమైనో ఆమ్లాలను మాత్రమే ఉంచి, మిగతావన్నీ దాచేయండి. అప్పుడు ఆస్పార్టిక్ ఆమ్లం 443, ఆస్పార్టిక్ ఆమ్లం 542 కనబడతాయి. పనంతా చేసేది ఈ రెండే.

443 తన ఆక్సిజన్‌తో చక్కెర మొదటి కార్బన్ మీద దాడి చేస్తుంది. అదే సమయంలో 542 తెగిపోతున్న ఆక్సిజన్‌కి ప్రోటాన్ ఇస్తుంది. బంధం తెగి, చక్కెర కాసేపు ఎంజైమ్‌కే కోవేలెంట్‌గా అతుక్కుంటుంది. తర్వాత నీటి అణువు వచ్చి దాన్ని విడిపిస్తుంది. రెండుసార్లు దాడి జరిగింది కాబట్టి ఆల్ఫా చక్కెర ఆల్ఫాగానే బయటికొస్తుంది. ఈ రెండంచెల పద్ధతిని 1953లోనే కోష్లాండ్ ప్రతిపాదించాడు. దారిలో ఒక క్షణం మొదటి కార్బన్ దగ్గర ధనావేశం పేరుకుని, కుర్చీ ఆకారంలో ఉండాల్సిన వలయం చదునవుతుంది. ఎంజైమ్ అన్నిటికన్నా గట్టిగా పట్టుకునేది ఆ క్షణంలో ఉన్న ఆకారాన్నే. ఎంజైమ్ తన సబ్‌స్ట్రేట్ (తాను విరిచే పదార్థం) కన్నా ట్రాన్సిషన్ స్టేట్‌కే (ఆ మధ్య క్షణపు ఆకారానికే) ఎక్కువ సరిపోతుందని లైనస్ పాలింగ్ 1940ల్లో చెప్పిన మాట ఇక్కడ కళ్లెదుట కనిపిస్తుంది.

ఇప్పుడు ఆకార్బోస్ వైపు చూడండి. దాని చివర ఉన్న వలియెనమైన్ వలయంలో డబుల్ బాండ్ ఉంది, అందుకే అది చదునుగా ఉంటుంది. పక్క వలయంతో కలిపే చోట ఆక్సిజన్ బదులు నైట్రోజన్ ఉంది. ప్రోటాన్ పుచ్చుకుంటే అక్కడ ధనావేశం వస్తుంది, కానీ ఎంజైమ్ ఆ బంధాన్ని తెంపలేదు. ఆకారమూ ఆవేశమూ రెండూ ట్రాన్సిషన్ స్టేట్‌లాగే ఉండి, తెగకుండా కూర్చునే అణువన్నమాట. దీన్ని ఎవరో కాగితం మీద గీసి తయారు చేయలేదు. ఆక్టినోప్లేనిస్ అనే బాక్టీరియా తయారు చేసేది, జర్మనీలో బేయర్ కంపెనీ 1970ల్లో వెలికితీసి 1990లో మందుగా తెచ్చింది.

మన దగ్గరి ఉదాహరణ ఇంకోటుంది. హిందూపురం వైపు పట్టుపురుగులకి మేతగా వేసే మల్బరీ ఆకులో 1-డీఆక్సీనోజిరిమైసిన్ అనే అణువు ఉంటుంది. గ్లూకోజ్ వలయంలో ఆక్సిజన్ ఉన్న చోట ఎన్‌హెచ్ పెట్టి, మొదటి కార్బన్ మీది ఓహెచ్ తీసేస్తే వచ్చేది అదే. ఆ నైట్రోజన్‌కి హైడ్రాక్సీఇథైల్ తగిలిస్తే మిగ్లిటాల్, షుగర్ మాత్ర. ఎంజైమ్ నిర్మాణం చదివి అణువుని ఎలా ఆలోచించాలో ఈ రెండు ఉదాహరణలు బాగా నేర్పుతాయి.

మా నాన్నగారు ఈ జాతి మాత్రనే, వోగ్లిబోస్‌ని, భోజనంలో మొదటి ముద్దతో వేసుకుంటారు. అన్నంలోని పిండి అమైలేజ్ వల్ల చిన్న ముక్కలై పేగుకి చేరుతుంది. అక్కడి ఎంజైమ్ ఆ ముక్కల్ని గ్లూకోజ్‌గా విరిచేలోపే మందు చేరాలి, అందుకే భోజనం అయ్యాక వేసుకుంటే ఉపయోగం తగ్గుతుంది. ఈ మందుతో పాటు ఇన్సులిన్ లాంటివి వాడేవాళ్లకి షుగర్ పడిపోతే పంచదార పెట్టినా వెంటనే పని చేయదు, దాన్ని విరిచే ఎంజైమే ఆగి ఉంది కదా, గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. నేను ఈ విషయాన్ని మొదటి క్లాసులోనే చెబుతాను. యాక్టివ్ సైట్ అన్నది పుస్తకంలో బొమ్మ కాదని పిల్లలకి అప్పుడు తడుతుంది.

అసలు చిక్కు

మనకి సీసాలో వచ్చే ఎంజైమ్ మనిషిది కాదు, ఈస్ట్‌ది. పేరు ఒకటే అయినా కుటుంబాలు వేరు. ఈస్ట్ ఆల్ఫా గ్లూకోసిడేజ్ గ్లైకోసైడ్ హైడ్రొలేజ్ 13 అనే కుటుంబానికి చెందితే, మన పేగులో ఉన్నవి 31కి చెందుతాయి. యాక్టివ్ సైట్ గోడలు వేరు. ఫలితంగా ఆకార్బోస్ ఈస్ట్ ఎంజైమ్‌ని సరిగా ఆపలేదు, దాని ఐసీ50 (ఎంజైమ్ పనిని సగానికి తగ్గించే గాఢత, ఎంత తక్కువైతే అంత బలం) వందల మైక్రోమోలార్‌లలో వస్తుంది. అదే ఎలుక పేగు మాల్టేజ్ మీద అయితే కొద్ది మైక్రోమోలార్‌లు, కొన్నిసార్లు ఇంకా తక్కువే సరిపోతుంది.

అంటే ఈస్ట్ ఎంజైమ్ మీద 20 మైక్రోమోలార్ వచ్చిన ఏ ఫ్లేవనాయిడైనా (మొక్కల్లో దొరికే ఒక జాతి అణువు) "ఆకార్బోస్ కన్నా ఎన్నో రెట్లు మేలు" అయిపోతుంది. ఆకార్బోస్‌కి పట్టు లేని ఎంజైమ్ మీద దాన్ని ఓడించి షుగర్ మందు అనడం పేషెంట్లకి అన్యాయం. ఈస్ట్ ఎంజైమ్‌తో పని నేర్చుకోండి, కాంపౌండ్లని మొదటి వడపోత పట్టండి, తప్పేమీ లేదు. ఆకార్బోస్‌తో పోలిక మాత్రం క్షీరద ఎంజైమ్ మీద చేశాకే రాయండి.

డాకింగ్ (అణువు ఎంజైమ్‌లో ఎలా కూర్చుంటుందో కంప్యూటర్‌లో అంచనా వేయడం) గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆటోడాక్ వీనా సాఫ్ట్‌వేర్‌లో స్కోరు మైనస్ 8.9 వచ్చిందని మురిసిపోవద్దు. ముందు క్రిస్టల్‌లో ఉన్న ఆకార్బోస్‌ని తీసేసి, మళ్లీ డాక్ చేయండి. అసలు చోటుకి 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు తేడాతో అది తిరిగి కూర్చోకపోతే, మీ కొత్త కాంపౌండ్ గురించి ఆ సెట్టింగ్స్ చెప్పేది నమ్మడానికి లేదు. ఇంకో విషయం, 2క్యూఎమ్‌జేలో ఆకార్బోస్ మొదటి రెండు వలయాలే ఎంజైమ్‌ని గట్టిగా తాకుతాయి, మిగతా రెండూ దాదాపు గాల్లో ఉన్నట్టే. ఆకార్బోస్ బలంగా పట్టుకునేది అదే ప్రోటీన్ రెండో సగాన్ని. ఆ నిర్మాణం 3టీఓపీ అనే కోడ్‌తో దొరుకుతుంది. రెండింటిలోనూ చేసి పక్కపక్కన పెట్టి చూడండి.

అణువు తయారీ

మొదటి ప్రాజెక్టుకి నేను ఫ్లేవనాల్ అనే రకం ఫ్లేవనాయిడ్ చేయిస్తాను. రెండే అంచెలు, కాలమ్ లేకుండా క్రిస్టలైజేషన్‌తో శుభ్రమవుతుంది, ఎన్ఎంఆర్ (అణువు నిర్మాణం చూపే వర్ణపటం) స్పష్టంగా చదవొచ్చు. పైగా ఈ కెమిస్ట్రీకి మన గడ్డ మీద చరిత్ర ఉంది. రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. శేషాద్రి 1930ల్లో, 40ల్లో వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫ్లేవనాయిడ్‌ల మీద చేసిన పని ప్రపంచమంతా చదివింది. మన పిల్లలు ఫ్లేవనాల్ చేస్తున్నప్పుడు ఆ సంగతి తెలుసుకుని చేయాలని నా కోరిక.

మొదటి అంచె క్లైసెన్-ష్మిట్ చర్య, ఇందులో చాల్కోన్ అనే మధ్య పదార్థం వస్తుంది. 2-హైడ్రాక్సీ ఎసిటోఫినోన్, 4-మిథాక్సీ బెంజాల్డిహైడ్ తీసుకోండి. తమాషాగా రెండింటి ఫార్ములా సీ8హెచ్8ఓ2 ఒకటే, అణుభారం 136.15. పది మిల్లీమోల్‌లకి చెరి 1.36 గ్రాములు, అంటే ఒక్కోటి దాదాపు 1.2 మిల్లీలీటర్లు. ఆల్డిహైడ్ సీసా మూత తీయగానే సోంపు లాంటి తియ్యని వాసన రావాలి. సీసా అడుగున, మూతి చుట్టూ తెల్లటి గట్టి పదార్థం కనిపిస్తే గాలికి ఆక్సీకరణ చెంది ఆమ్లంగా మారిందని అర్థం, సోడియం బైకార్బనేట్ ద్రావణంతో కడిగి వాడండి.

రెండింటినీ 20 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో కలిపి, ఐస్ బాత్‌లో పెట్టి, 40 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం 5 మిల్లీలీటర్లు చుక్కలు చుక్కలుగా వేయండి. కళ్లద్దాలు లేకుండా ఈ బాటిల్ ముట్టుకోవద్దు, క్షారం కంట్లో పడితే ఆమ్లం కన్నా ప్రమాదం. లేత పసుపు నుంచి ఎర్రటి నారింజ రంగుకి మారుతుంది. గది ఉష్ణోగ్రతలో రాత్రంతా తిప్పండి. పొద్దున్నకి ముద్దకట్టి స్టిరర్ ఆగిపోయి ఉన్నా కంగారు పడక్కర్లేదు, అది చాల్కోన్ పొటాషియం లవణం. పొడి చేసిన ఐస్ మీద పోసి విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఆమ్లీకరిస్తే నారింజ రంగు పోయి పచ్చటి పసుపు ఘనం దిగుతుంది. వడకట్టి, చల్లటి నీళ్లతో లిట్మస్ తటస్థం అయ్యేదాకా కడిగి, ఇథనాల్‌లో క్రిస్టలైజ్ చేయండి. నీటి అణువు పోగా రావాల్సింది 2.54 గ్రాములు. అందులో ఎంత చేతికొచ్చిందో నిజాయితీగా రాయండి, 60 శాతం వచ్చినా సిగ్గుపడాల్సింది లేదు.

ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో 12.9 దగ్గర సన్నటి ఒంటి శిఖరం ఉండాలి, పక్కనున్న కార్బొనిల్‌తో హైడ్రోజన్ బంధంలో చిక్కుకున్న ఓహెచ్ అది. 7.5, 7.9 దగ్గర రెండు డబ్లెట్లు, వాటి కప్లింగ్ 15 హెర్ట్జ్ పైన, అంటే ట్రాన్స్. తర్వాత 5.4 దగ్గర చూడండి. అక్కడ చిన్న శిఖరాలున్నా, 2.8 నుంచి 3.1 మధ్య వాటికి జోడీ ఉన్నా, కొంత చాల్కోన్ వలయం మూసుకుని ఫ్లేవనోన్ అయిపోయిందన్నమాట. ఒకటికి రెండుసార్లు క్రిస్టలైజ్ చేయండి.

రెండో అంచె ఆల్గర్-ఫ్లిన్-ఒయమాడ చర్య. 1.27 గ్రాముల చాల్కోన్, అంటే 5 మిల్లీమోల్‌లు, 30 మిల్లీలీటర్ల మిథనాల్‌లో వేసి, 20 శాతం సోడియం హైడ్రాక్సైడ్ 5 మిల్లీలీటర్లు కలిపి, ఐస్‌లో బాగా చల్లబరచండి. 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 2.5 మిల్లీలీటర్లు నిదానంగా వేయండి. చేతికి తగిలితే చర్మం తెల్లగా పాలిపోయి మండుతుంది, గ్లవ్స్ తప్పనిసరి. ఫ్లాస్క్‌కి బిరడా బిగించొద్దు, ఆక్సిజన్ వస్తుంటుంది. నారింజ రంగు క్రమంగా పలచబడి పసుపులోకి దిగుతుంది. కొన్ని గంటలయ్యాక టీఎల్సీ (పలచటి పొర మీద పదార్థాల్ని చుక్కలుగా విడదీసే పరీక్ష) చూడండి, హెక్సేన్, ఇథైల్ ఎసిటేట్ 8:2లో చాల్కోన్ చుక్క పైన ఉంటుంది, ఫ్లేవనాల్ దానికన్నా కిందకి. 365 నానోమీటర్ల యూవీ దీపం కింద ఫ్లేవనాల్ చుక్క మెరుస్తుంది, చాల్కోన్ చుక్క మసగ్గా ఉంటుంది.

మిగిలిన పెరాక్సైడ్‌ని అయొడైడ్-స్టార్చ్ కాగితంతో పరీక్షించి, సోడియం సల్ఫైట్‌తో నాశనం చేశాకే ఆమ్లం పోయండి. సల్ఫైట్ ఎక్కువైతే ఆమ్లం తగలగానే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. లేత పసుపు ఘనం పడుతుంది, ఇథనాల్‌లో క్రిస్టలైజ్ చేయండి. రావాల్సింది 1.34 గ్రాములు. ఎన్ఎంఆర్‌లో 12.9 పోవాలి, 15 హెర్ట్జ్ డబ్లెట్లు పోవాలి, మిథాక్సీ మాత్రం 3.9 దగ్గర అలాగే ఉండాలి. హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలోని పదార్థాల్ని విడదీసి కొలిచే పరికరం) 95 శాతం శుద్ధత రానిది అస్సేకి పంపొద్దు. మిగతా 5 శాతంలో ఏముందో తెలియకపోతే ఎంజైమ్‌ని ఎవరు ఆపారో కూడా తెలియదు.

ఇలా బెంజాల్డిహైడ్‌లు మార్చుకుంటూ ఆరేడు కాంపౌండ్లు చేయండి. హైడ్రాక్సీలున్నవి, మిథాక్సీలున్నవి, ఏదీ లేనిది ఒకటి. ఏదీ లేనిది తప్పక ఉండాలి, పోల్చడానికి అదే ఆధారం.

అస్సే పలక

బఫర్ ఫాస్ఫేట్, 50 మిల్లీమోలార్, పీహెచ్ 6.8. సబ్‌స్ట్రేట్ పారానైట్రోఫినైల్ ఆల్ఫా గ్లూకోపైరనోసైడ్ (ఎంజైమ్ విరిస్తే పసుపు రంగునిచ్చే పారానైట్రోఫినాల్ విడుదలవుతుంది), అణుభారం 301.25, కాబట్టి మిల్లీలీటరుకి 3.01 మిల్లీగ్రాములు కరిగిస్తే 10 మిల్లీమోలార్. కాంపౌండ్లని డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో 10 మిల్లీమోలార్‌గా పెట్టుకోండి, మన ఫ్లేవనాల్‌కి మిల్లీలీటరుకి 2.68 మిల్లీగ్రాములు. 96 గుంతల పలకలో ఒక్కో గుంతకి బఫర్ 70, కాంపౌండ్ 10, ఎంజైమ్ 10 మైక్రోలీటర్లు. 37 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి, సబ్‌స్ట్రేట్ 10 మైక్రోలీటర్లు వేసి గడియారం మొదలుపెట్టండి. ఆపడానికి 0.2 మోలార్ సోడియం కార్బనేట్ 100 మైక్రోలీటర్లు, తర్వాత 405 నానోమీటర్ల దగ్గర రీడింగ్. కాంపౌండ్‌ని ముందే బఫర్‌లో పలచన చేసుకుని, తుది డీఎంఎస్‌ఓ ప్రతి గుంతలో సరిగ్గా 1 శాతం ఉండేలా చూడండి. ఆకార్బోస్ నీళ్లలోనే కరుగుతుంది, అయినా దాని గుంతల్లోనూ 1 శాతం డీఎంఎస్‌ఓ వేయాలి.

కార్బనేట్ ఎందుకంటే, పారానైట్రోఫినాల్ పీకేఏ (సగం అణువులు అయాన్‌గా ఉండే పీహెచ్) 7.15. పీహెచ్ 6.8 దగ్గర అందులో దాదాపు 31 శాతమే పసుపు రంగు అయాన్‌గా ఉంటుంది. పీహెచ్ 10 దాటిస్తే అంతా పసుపు అవుతుంది, ఎంజైమూ ఆగుతుంది. ఒక్క దెబ్బకి రెండు పనులు.

ఇక్కడే మన కాంపౌండ్ మోసం చేసేది. ఫ్లేవనాల్ కూడా క్షారంలో ముదురు పసుపు. 3వ స్థానంలోని ఓహెచ్ అయాన్ అయిందంటే అదీ 405 దగ్గరే కాంతిని పీల్చుకుంటుంది. ఒకే గుంతలో రెండు పసుపులు, మిషన్‌కి తేడా తెలియదు. అందుకే ప్రతి గాఢతకీ ఎంజైమ్ లేకుండా, మిగతావన్నీ వేసి ఒక గుంత పెట్టాలి. ఒక్క గాఢతకి పెట్టి దాన్నే అన్నిటికీ తీసేయడం కుదరదు. కాంపౌండ్ రంగు రీడింగ్ 0.5 దాటితే తీసివేతలో తప్పు పెరిగిపోతుంది. అప్పుడు కార్బనేట్ మానేసి, పీహెచ్ 6.8లోనే ప్రతి నిమిషం రీడింగ్ తీసుకుంటూ వాలు కొలవండి. కాంపౌండ్ రంగు మారదు, పెరిగేది ఎంజైమ్ చేసిన పసుపు మాత్రమే.

ఎంజైమ్ ఎంత వేయాలన్నది కాటలాగ్ చూసి నిర్ణయించొద్దు. నాలుగు గాఢతల్లో ఎంజైమ్ పెట్టి, 5, 10, 15, 20, 30 నిమిషాలకి ఆపి గ్రాఫ్ గీయండి. 20 నిమిషాలదాకా సరళరేఖగా ఉన్న గాఢతే మీది. ఒక లెక్క గుర్తుంచుకోండి: 1 మిల్లీమోలార్ సబ్‌స్ట్రేట్‌లో పది శాతం ఖర్చయితే, కార్బనేట్ పోశాక గుంతలో 50 మైక్రోమోలార్ నైట్రోఫినాల్ ఉంటుంది, పలకలో రీడింగ్ దాదాపు 0.5 వస్తుంది. కంట్రోల్ గుంత (కాంపౌండ్ వేయనిది) రీడింగ్ ఆ దరిదాపుల్లోనే ఉండాలి. 1.5 వచ్చిందని సంబరపడితే సబ్‌స్ట్రేట్ అయిపోతూ ఉన్న చోట కొలుస్తున్నట్టు, బలహీనమైన ఇన్హిబిటర్లు (ఎంజైమ్‌ని ఆపేవి) కనిపించకుండా పోతాయి.

ఎంజైమ్ పొడిని చల్లటి బఫర్‌లో కరిగించి ఐస్ మీదే ఉంచండి, తిప్పండి కానీ గట్టిగా ఊపొద్దు, నురగ వస్తే ప్రోటీన్ పాడవుతుంది. మా ల్యాబ్‌లో మే నెలలో ఏసీ ఆగితే ఆ రోజు అస్సే పెట్టం.

ఐసీ50, తర్వాత అనుమానాలు

100 మైక్రోమోలార్‌తో మొదలుపెట్టి 32, 10, 3.2, 1, 0.32 ఇలా దిగండి, ప్రతిదానికీ మూడు గుంతలు, మొత్తం వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు. ఒకే పలకలో మూడు గుంతలు పెట్టి "మూడుసార్లు చేశాం" అనడం సరి కాదు. వక్రరేఖ గీశాక ఐసీ50 కన్నా ముందు వాలు చూడండి. ఒక అణువు ఒక సైట్‌లో కూర్చుంటే, 10 శాతం నుంచి 90 శాతం ఆపడానికి గాఢత 81 రెట్లు పెరగాలి. మీ కాంపౌండ్ తొమ్మిది రెట్లకే ఆ దూరం దాటేసిందంటే వాలు 2, అనుమానించాలి.

ఎక్కువగా దొరికే దొంగ అగ్రిగేషన్. నీళ్లలో సరిగా కరగని ఫ్లేవనాయిడ్‌లు గుంపుకట్టి కొలాయిడ్ కణాలవుతాయి. ఎంజైమ్ వాటి ఉపరితలానికి అతుక్కుపోతుంది, పని ఆగిపోతుంది, యాక్టివ్ సైట్‌తో సంబంధమే లేదు. అమెరికాలోని షొయ్‌చెట్ ల్యాబ్ 2002 నుంచి దీన్ని వివరంగా చూపించింది, పేరుమోసిన క్వెర్సెటిన్ కూడా ఆ జాబితాలో ఉంది. కనిపెట్టడం తేలిక: బఫర్‌లో 0.01 శాతం ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ వేసి మళ్లీ కొలవండి. ట్రైటాన్ ఎంజైమ్‌ని ఏమీ చేయట్లేదని కంట్రోల్ గుంతలో ముందు చూసుకోండి. కాంపౌండ్ ప్రభావం మాయమైతే అది ఇన్హిబిటర్ కాదు. ఖర్చు ఒక పలక, ఒక మధ్యాహ్నం. ఇది చేయకుండా ఫ్లేవనాయిడ్ ఐసీ50 రాసిన రిపోర్టు మీద నేను సంతకం పెట్టను.

పసుపులోని కర్క్యుమిన్ మీద మన పిల్లలకి ప్రత్యేకమైన ప్రేమ. అది ఎన్నో అస్సేల్లో ఏదో ఒక రకంగా తప్పుడు సంకేతం ఇస్తుందని 2017లో కెమిస్టులు విపులంగా రాశారు. రంగు ఉంది, వెలుగుతుంది, బఫర్‌లో విరిగిపోతుంది, గుంపుకడుతుంది. కర్క్యుమిన్‌నే చేస్తానని పట్టుబడితే పైన చెప్పిన కంట్రోళ్లన్నీ రెట్టింపు శ్రద్ధతో చేయాలి. నేరేడు గింజల సారం తీసుకునేవాళ్లకీ ఇదే మాట. అందులో టానిన్లు ఎక్కువ, అవి ఏ ప్రోటీన్‌నైనా పట్టి కిందకి దించేస్తాయి. మీ సారం ఆల్ఫా గ్లూకోసిడేజ్‌తో పాటు సంబంధం లేని ఇంకో ఎంజైమ్‌ని కూడా అంతే ఆపుతుంటే, మీరు కొలిచింది టానిన్ వగరునే.

తిరిగి విడుదలవుతుందో లేదో కూడా చూడండి. ఎంజైమ్‌ని 100 రెట్లు గాఢంగా తీసుకుని, ఐసీ50కి పది రెట్ల కాంపౌండ్‌తో అరగంట ఉంచి, ఒక్కసారిగా 100 రెట్లు పలచన చేసి సబ్‌స్ట్రేట్ వేయండి. ఇప్పుడు కాంపౌండ్ ఐసీ50లో పదో వంతే ఉంది. మామూలుగా వచ్చిపోయే ఇన్హిబిటర్ అయితే దాదాపు 91 శాతం చర్య తిరిగి రావాలి. రాకపోతే కోవేలెంట్‌గా అతుక్కుందో, నెమ్మదిగా వదులుతోందో, ఎంజైమ్‌నే పాడు చేసిందో ఆలోచించాలి. చాల్కోన్‌లు సిస్టీన్‌ల మీద పడే గుణం ఉన్నవి కాబట్టి వాటికి ఈ పరీక్ష వదలొద్దు.

ఎలుక పేగు ఎంజైమ్

ఇవన్నీ దాటి వచ్చిన ఒకటో రెండో కాంపౌండ్లకి క్షీరద ఎంజైమ్ పరీక్ష. ఎలుక పేగు ఎసిటోన్ పొడి అమ్ముతారు, మీరు జంతువుల్ని ముట్టుకోనక్కర్లేదు. 100 మిల్లీగ్రాముల పొడిని 3 మిల్లీలీటర్ల చల్లటి 0.9 శాతం ఉప్పునీటిలో వేసి, ఐస్‌లో ఉంచి కొద్దికొద్దిసేపు సోనికేట్ చేసి, 4 డిగ్రీల దగ్గర అరగంట సెంట్రిఫ్యూజ్ చేయండి. పైన తేలిన ద్రవంలో మాల్టేజ్, సుక్రేజ్ రెండూ ఉంటాయి. సబ్‌స్ట్రేట్‌గా మాల్టోజ్ వాడండి, పేగులో నిజంగా విరిగేది అదే. చర్యని మరిగే నీళ్లలో పెట్టి ఆపి, వచ్చిన గ్లూకోజ్‌ని రక్తపరీక్షల ల్యాబుల్లో వాడే జీఓడీ-పీఓడీ కిట్‌తో 505 నానోమీటర్ల దగ్గర కొలవొచ్చు. గులాబీ రంగు వస్తుంది, ఫ్లేవనాల్ పసుపుతో గొడవ తగ్గుతుంది.

కానీ ఆ కిట్ హైడ్రోజన్ పెరాక్సైడ్ మీద ఆధారపడుతుంది. హైడ్రాక్సీలు ఎక్కువున్న ఫ్లేవనాయిడ్‌లు ఆ పెరాక్సైడ్‌ని తామే ఖర్చు చేస్తాయి, గులాబీ రంగు తగ్గుతుంది, ఎంజైమ్ ఆగినట్టు కనబడుతుంది. కాబట్టి మాల్టోజ్ లేకుండా, తెలిసినంత గ్లూకోజ్‌కి మీ కాంపౌండ్ కలిపి కిట్‌తో కొలవండి. గ్లూకోజ్ తక్కువ చూపిస్తే, దోషం కిట్ దగ్గరే ఉంది. ఈ పలకలో ఆకార్బోస్ కొద్ది మైక్రోమోలార్‌ల స్థాయిలో ఆపాలి. అలా ఆపకపోతే మీ కాంపౌండ్ సంగతి పక్కన పెట్టి, అస్సేని సరిచేయండి.

చివరిగా కైనెటిక్స్. ఐదారు సబ్‌స్ట్రేట్ గాఢతలు, కేఎమ్‌కి (వేగం గరిష్ఠంలో సగం ఉండే సబ్‌స్ట్రేట్ గాఢత) అయిదో వంతు నుంచి అయిదు రెట్లదాకా, ఇన్హిబిటర్ నాలుగు గాఢతలు. 1934 నాటి లైన్‌వీవర్-బర్క్ గీత బొమ్మ కోసం వేసుకోండి, అంకెలు మాత్రం దాని నుంచి తీయొద్దు. తక్కువ సబ్‌స్ట్రేట్ దగ్గరి చిన్న తప్పుని ఆ విలోమం ఎంతో పెద్దది చేస్తుంది. నేరుగా మైకెలిస్-మెంటెన్ సమీకరణానికే నాన్‌లీనియర్ ఫిట్ చేయండి, ఉచిత సాఫ్ట్‌వేర్లే చాలు. కేఎమ్ పెరిగి వీమ్యాక్స్ (గరిష్ఠ వేగం) అలాగే ఉంటే పోటీ పడే ఇన్హిబిటర్. అప్పుడు చెంగ్-ప్రుసాఫ్ సూత్రంతో ఐసీ50ని కేఐగా (ఇన్హిబిటర్ ఎంజైమ్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె) మార్చొచ్చు. సబ్‌స్ట్రేట్ 1 మిల్లీమోలార్, కేఎమ్ 0.3, ఐసీ50 26 మైక్రోమోలార్ అనుకోండి, 26ని 1 కూడిక 3.33తో, అంటే 4.33తో భాగిస్తే కేఐ 6. ఐసీ50 సబ్‌స్ట్రేట్ గాఢతతో మారిపోతుంది, కేఐ మారదు. రెండు ల్యాబుల అంకెలు పోల్చాలంటే కేఐనే కావాలి.

రిపోర్టు పట్టికలో ఐసీ50 పక్కనే ఎంజైమ్ ఎక్కడిది, సబ్‌స్ట్రేట్ ఏది, ఎంత గాఢత, ట్రైటాన్‌తో వచ్చిన అంకె, వాలు, ఎన్ని రోజుల్లో చేశారు అనేవన్నీ రాయండి. 100 మైక్రోమోలార్ దగ్గర కూడా ఆపని కాంపౌండ్లని పట్టిక నుంచి తీసేయకండి, "100 కన్నా ఎక్కువ" అని వేయండి. రేపు ఇంకో ఊళ్లో ఇంకో అమ్మాయి అదే అణువు మీద ఆరు నెలలు పెట్టకుండా ఆ ఒక్క వరస ఆపగలదు. డీఎంఎస్‌ఓ స్టాక్‌ని చిన్నచిన్న గొట్టాల్లో మైనస్ 20 దగ్గర దాచి, మీద పేరు, బ్యాచ్ నంబరు, తేదీ రాయండి. పని పూర్తయ్యాక ఒక గొట్టం తీసి మళ్లీ హెచ్‌పీఎల్‌సీ పెట్టండి. శిఖరం రెండుగా చీలి ఉంటే, తాజాగా తూచి కరిగించిన కాంపౌండ్‌తో ఐసీ50 మళ్లీ తీయాలి.